సవతికి కొత్తిల్లు

ముత్తుకూరులో సామ్రాజ్యమ్మకు సవతి ఉందని వీధి వీధంతా తెలుసు. ఎవరో పుట్టించిన పుకారు కాదు. ఆమే పొద్దున్నే వాకిలి ఊడుస్తూ పదిమందికీ వినపడేటట్టు చెబుతుంది. “నా సవతికింకా లైటెయ్యలేదు, మూతి ముడుచుకోనుంది.” “రాత్రి కరెంటు పోతే నా సవతికి ఊపిరాడదని మగ్గుతో నీళ్లు తోడి పోస్తా కూర్చున్నాడు ఆ మారాజు. ఈడ నేను ఉక్కకి ఉడికి చస్తంటే విసనకర్ర అందియ్యడానికి చెయ్యి రాలేదు.” కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఈ మాటలు విని, ఆమె భర్త సమాధానం అనే ఆయన ఎదురైతే మొహం పక్కకు తిప్పుకునేవాళ్లు. ఆ తరవాత ఎవరో ఒకరు వాళ్లను ఆ ఇంటి ముందుగదిలోకి తీసుకుపోయి సవతిని చూపించేవాళ్లు. చూసినవాళ్లు నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయేవాళ్లు.

సవతంటే మనిషి కాదు మరి. గోడవారగా ఇనప స్టాండు మీదుండే అద్దాల తొట్టి. నిండా సముద్రపు నీళ్లు. అడుగున ఇసక, ఇసక మీద చిల్లులు చిల్లులుగా ఉండే సముద్రపు రాళ్లు, నడిమి రాయి మీద పుట్టగొడుగు ఆకారంలో మెత్తటి పగడం. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేరు, ఇది ప్రాణమున్నది. లైటు వెయ్యగానే ఒళ్లంతా సన్నటి వేళ్లు బయటికి చాచి నీళ్లలో ఊగుతుంది. కోపమొస్తే ఆ వేళ్లన్నీ లోపలికి లాక్కుని నున్నగా అయిపోతుంది. ఆ వేళ్ల మధ్యనే రెండు నారింజరంగు చేపల కాపురం. ఒంటి మీద తెల్లచారలు. పెద్దది ఆడది, చిన్నది మగది. ఆ జాతిలో ఇంటి పెత్తనం ఆడదానిదేనని సమాధానం చెప్పిన రోజు మాత్రం సామ్రాజ్యమ్మ సవతిని తిట్టలేదు. “చేపలకుండే బుద్ధి మనుషులకేదీ?” అని ఊరుకుంది. వీటికి తోడు, చేపల ఒంటి మీద మురికి ఏరుకుని తినే ఎర్రచారల రొయ్య ఒకటి.

ఆ ఇంట్లో చేపల పులుసు ఉడకదని కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టి చేపల పులుసు మానుకునేదెవరు? కానీ చేపలు తోమడం పెరట్లోనే. బజారు నుంచి తెచ్చిన చేపల సంచి తొట్టి ముందు నుంచి పోకూడదు, సందులోంచి చుట్టూ తిరిగి రావాలి. అది సమాధానం పెట్టిన రూలు. సామ్రాజ్యమ్మ సణుక్కుంటూనే ఆ సందులోంచి తిరిగేది.

ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పుకుంటున్నాం గానీ, ఆ ఇంట్లో నవ్వన్నది లేని రోజులు ఉన్నాయి. సమాధానం కృష్ణపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటరు. అంత ఎత్తున గాజుగదిలో కూర్చుని, కిందనున్న మనిషి చేతిసైగలు చూస్తూ, ఇల్లంత పెట్టెను కోడిగుడ్డు దించినట్టు దించుతాడని పేరు. డ్యూటీలో ఉన్నంతసేపూ చుక్క ముట్టడు. డ్యూటీ దిగి కంపెనీ బస్సు సెంటర్లో ఆగిందంటే మాత్రం కాళ్లు ఇంటివైపు తిరిగేవి కావు. సామ్రాజ్యమ్మ గుమ్మంలో కాచుకుని, అతను లోపలికి అడుగు పెట్టకముందే దగ్గరికి పోయి వాసన చూసేది. ఆ వాసనను బట్టి ఆ రాత్రి కూడెక్కేదీ లేనిదీ తేలిపోయేది. ఉపవాసాలుండి ప్రార్థన చేసింది. పాస్టరు గారు వచ్చి మాట్లాడారు. పుట్టింటికి పోతానని మూట కట్టుకుని మళ్లీ విప్పింది.

అలాంటి రోజుల్లో పోర్టులో పనిచేసే మలయాళీ ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ, తన గదిలో ఉన్న చిన్న తొట్టినీ, అందులో రెండు చేపపిల్లలనూ, గోరంత పగడం ముక్కనూ సమాధానానికి ఇచ్చేశాడు. ఇంకెవరూ తీసుకోకపోతే ఇచ్చాడులెండి. ఆ రోజు కూడా సమాధానం తాగే వచ్చాడు. కానీ ఆ జీవాలకు పొద్దూమాపూ వేళకు తిండి పడాలి. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూడాలి, మందు చుక్కలు లెక్కగా వెయ్యాలి. చెయ్యి వణికితే చుక్కలు కుదరవు. చీకటి పడేసరికి ఆ రెండు చేపలూ అద్దం దగ్గరికి వచ్చి ఎదురుచూసేవి. సమాధానం బస్సు దిగి తిన్నగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఒట్టు పెట్టలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు, అలా రావడం అలవాటైపోయింది. చాలాకాలానికి గానీ సామ్రాజ్యమ్మకు తట్టలేదు, గుమ్మంలో తాను వాసన చూడటం మానేసిందని.

చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె దేవుడికి కన్నీళ్లతో స్తోత్రాలు చెప్పింది. తొట్టికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క మంచిమాట చెప్పలేదు. మంచిమాట అంటే దిష్టి తగులుతుందని లోపల ఒక భయం. తిడుతూ ఉంటే చల్లగా ఉంటాయని నమ్మకం. ప్రార్థన చేసే మనిషికి దిష్టేమిటని అడగొద్దు, కొన్ని భయాలు మతం అడిగి రావు. అన్నిటికీ అడుగున ఇంకో భయం ఉండేది. ఆ జీవాలకు ఏమన్నా అయితే, ఈ మనిషి సాయంత్రాలు మళ్లీ ఎటు పోతాయి? ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

గోరంత పగడం ఈ ఏళ్లలో పళ్లెమంత అయింది. రెండు పక్కలా అద్దాలకు రాసుకుంటోంది. పైగా తొట్టి మూలలో జిగురు వదిలి నీళ్లు చెమర్చడం మొదలైంది. సమాధానం నెల్లూరులో అద్దాలపని చేసే జడ్సన్ చేత పాతదానికి రెండింతల తొట్టి కట్టించాడు. కొన్ని వారాల ముందే దాన్లో ఇసక పరిచాడు, కొన్ని రాళ్లు సర్దాడు. తీరాన రొయ్యపిల్లల హేచరీ నడిపే నరేంద్రబాబు దగ్గర్నుంచి వడకట్టిన సముద్రపు నీళ్లు తెచ్చి సగం దాకా పోసి, అప్పుడప్పుడూ కలుపుతూ తొట్టిని ఉప్పునీళ్లకు అలవాటు చేశాడు. మిగతా నీళ్లు జీవాలను మార్చే రోజున వ్యానులో రావాలి.

ఆ రోజు శనివారం, అతనికి సెలవు. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, భార్యను పిలిచి పాఠం చెప్పాడు. “పగడం రాయి నేను ఎత్తతా. రాయి చూసుకుంటా ఉంటే నాకు అడుగు కనపడదు. నువ్వు సైగ చెయ్యాల. అరచెయ్యి కిందికి ఆడిస్తే దించమని. పిడికిలి పట్టినావంటే ఆగమని.”

“ఇంక నన్ను గూడా పోర్టులో పనికి పెట్టినావా?”

“విను మే. రాయి నేలకి తగిలి కుదురుకుందనుకో, రెండు చేతులూ కలిపి ఇట్టా గుండెల కాడ గట్టిగా పట్టుకో. అంటే సరుకు దిగిందీ, ఇంక కదిలించబాకా అని.”

“ప్రార్థన మాదిరి ఉండాదే!”

“మేం పైనుంచి చూసేటప్పుడు అట్నే అనిపిస్తది” అన్నాడు సమాధానం.

మొదట ఒక ప్లాస్టిక్ టబ్బులో పాత తొట్టి నీళ్లే పోసి జీవాలను అందులోకి దించాలి, ఆ తరవాత కొత్త తొట్టిలోకి. సామ్రాజ్యమ్మ అరచెయ్యి ఆడించింది, పిడికిలి పట్టింది, మళ్లీ ఆడించింది. పగడం కూర్చున్న రాయి టబ్బు అడుగుకు మెత్తగా తగిలింది. ఆమె రెండు చేతులూ గుండెల దగ్గర కలిపి పట్టుకుంది. సమాధానం నవ్వాడు. చేపలను, రొయ్యను చేతివలతో పట్టి అందులోనే వదిలాడు. అంతలో ఫోను మోగింది. కాలవ కోసం వీధి మొదట్లో రోడ్డు తవ్వేశారు, వ్యాను లోపలికి రాదు. “నీళ్ల డబ్బాలు మోసుకోని వస్తా, కాసేపు చూస్తా ఉండు” అని చెప్పి అతను వెళ్లాడు.

అతను మలుపు తిరిగాడో లేదో, టబ్బు టప్పున చిట్లింది. మనవడు పుట్టినప్పుడు స్నానాలకు కొన్న టబ్బు అది, ఎండలో పడి పెళుసెక్కి ఉంది. నీళ్లు గది నిండా పారాయి. టబ్బులో నీళ్లు తగ్గుతూ పగడం తల బయటికి తేలుతోంది, చేపలు ఒక మూలకు చేరి కొట్టుకుంటున్నాయి. పాత తొట్టిలో రాయి మునిగేటన్ని నీళ్లు మిగల్లేదు, కొత్తదాన్లో నీళ్లు నిండేదాకా ఏమీ పెట్టొద్దని ఆయన మాట. సామ్రాజ్యమ్మ గుమ్మంలోకి ఉరికి, “వెంకటశేషమ్మక్కా! ఏందన్నా ఒక పెద్ద గిన్నె తీస్కోని రా! బిన్నా రా అక్కా!” అని కేక పెట్టింది.

పక్కింటి వెంకటశేషమ్మ ఆ కేక కోసమే కాచుకుని ఉన్నట్టు వచ్చింది. నిజానికి కాచుకునే ఉంది. లోపలి పల్లెల్లో వరి పండించుకునే కుటుంబం వాళ్లది, మోకాళ్లు అరిగాక పొలం కౌలుకిచ్చి ముత్తుకూరు వచ్చి ఉంటున్నారు. పోయిన వానాకాలం ఆమె భర్త వెంకయ్యకు గుండెల్లో నొప్పి వస్తే, వీధిలో నీళ్లు నిలిచి ఆటో రాకపోతే, సమాధానమే ఆయన్ను వీపున వేసుకుని మెయిన్ రోడ్డు దాకా మోశాడు. అప్పట్నుంచీ ఆ ఇంటికి ఏదన్నా చెయ్యాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. చేపలకు కొత్తిల్లని తెలిసి, అటక మీద నుంచి తన రాగి గంగాళం దింపించింది. తల్లి పెళ్లికి పెట్టిన సామాను, శుభకార్యానికి తప్ప బయటికి తియ్యదు. ముందురోజే చింతపండుతో తళతళా మెరిసేటట్టు తోమి పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని తలుపులో గీసుకుంటూ లోపలికి తెచ్చింది.

“ఇంత గొప్ప సామాను ఎందుకక్కా!”

“ఊరుకోమ్మా, రాగిలో పోసిన నీళ్లు అమృతం. డాక్టర్లే చెప్తా ఉండారు గదా.”

చెబుతూనే ఉన్నారు. సామ్రాజ్యమ్మ కూడా షుగరు తగ్గుతుందని రోజూ పరగడుపున రాగిచెంబులో నీళ్లే తాగుతుంది. ఇద్దరూ కలిసి పాత తొట్టిలో మిగిలిన నీళ్లు గంగాళంలోకి తోడారు, పగడం రాయిని పట్టుకుని మెల్లగా దించారు, వెనకే చేపలు, రొయ్య. మెరిసే రాగిలో నారింజ చేపలు తిరుగుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు. “గృహప్రవేశమంటే ఇదమ్మా” అంది వెంకటశేషమ్మ మోకాలు పట్టుకుని కిందనే కూర్చుంటూ. సామ్రాజ్యమ్మకు ఆ క్షణాన చెప్పలేనంత సంతోషమేసింది. తాను కాపాడింది. సవతిని తాను, తన చేతులతో కాపాడింది.

సమాధానం భుజాన నీళ్ల డబ్బాతో చాలాసార్లే తిరిగాడు. డబ్బాలు వరండాలో దించుతూ, దించుతూ, ఆఖరుది దించాక లోపలికి తొంగిచూశాడు.

“ఎట్టుందయ్యా?” అంది భార్య మొహం వెలిగిపోతూ.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. “రాగి” అన్నాడు. అంతే అన్నాడు. ఒక్క ఉదుటున వచ్చి గంగాళంలో చేతులు పెట్టాడు. “ఉప్పునీళ్లకి రాగి కరిగి దిగతాది సామ్రాజ్యం. మనకి మంచిదే, వీటికి ఇసం.”

రొయ్య అప్పటికే పక్కకు ఒరిగి ఉంది. పగడం వేళ్లన్నీ లోపలికి లాక్కుని, పిండిన తడిగుడ్డలా ముడుచుకుని, తెల్లటి జిగురు కక్కుతోంది. అతను దాన్ని బక్కెట్లోకి మార్చి కొత్త నీళ్లు పోశాడు, ఆ నీళ్లు పారబోసి మళ్లీ పోశాడు, మళ్లీ పారబోశాడు. చేపలకూ అలాగే చేశాడు. కొత్త తొట్టి నింపడానికి తెచ్చిన నీళ్లన్నీ ఈ కడగడానికే అయిపోయి పెరట్లో కాలవ కట్టాయి. వ్యాను ఎప్పుడో వెళ్లిపోయింది. జీవాలను తీసుకుపోయి సగమే నిండిన కొత్త తొట్టిలో పెట్టాడు. పగడం తల నీళ్ల పైకి తేలీ తేలనట్టు ఉంది. పాత మోటారు తెచ్చి తగిలిస్తే నీళ్లు అందక గరగరలాడింది. అతను దాన్ని ఆపేశాడు.

ఇంట్లో ఆ మోటారు చప్పుడు లేకుండా సామ్రాజ్యమ్మ ఎన్నో ఏళ్లుగా ఉండలేదు. చెవులు దిబ్బడ వేసినట్టయింది. “నన్ను తిట్టయ్యా” అంది. “తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి.” సమాధానం స్టూలు మీద కూర్చుని తొట్టి వైపు చూస్తున్నాడు. ఆమె మాట అతనికి వినపడిందో లేదో. కాసేపటికి లేచాడు. మేకుకు తగిలించిన బండి తాళాలు తీసుకున్నాడు. ఫోను బల్ల మీదే ఉంది, హెల్మెట్ కూడా తీసుకోలేదు. బండి స్టార్ట్ చేసి, సెంటరు వైపు తిప్పి వెళ్లిపోయాడు.

పూర్వం కూడా ఇలాగే వెళ్లేవాడు. ఒక్క మాట అనకుండా, తాళాలు తీసుకుని, సెంటరు వైపు. సామ్రాజ్యమ్మ గుమ్మంలోనే కూలబడింది.

వెంకటశేషమ్మ ఏడుస్తోంది. “నా చేతులు పడిపోను. మంచి చేద్దామని వస్తే ఎంత పని చేసినానమ్మా! అమ్మా, జొన్నవాడ కామాక్షమ్మ తల్లీ, ఆ చేపలు బతికితే నీకు తలనీలాలు ఇచ్చుకుంటా.”

“చేపల కోసం గుండు కొట్టించుకుంటావా అక్కా?” అంది సామ్రాజ్యమ్మ. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటపడింది. “చేపలు పోతే ఏడ్చి ఊరుకుంటా అక్కా. ఈయన మళ్లీ ఆ గబ్బు ముట్టుకుంటే నేను యాడికి పోయేది? మళ్లీ మొదట్నించీ ఆ బతుకు నా వల్ల కాదు. నేను ముసిల్దాన్నై పొయ్యినా.”

వెంకటశేషమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచి, వెంకయ్య మందులేసుకునే వేళయిందని ఇంటికి పోయి, తిరిగి వచ్చేటప్పుడు చెంబుతో మజ్జిగ తెచ్చింది. అది స్టీలు చెంబు.

పొద్దు వాలుతోంది. సామ్రాజ్యమ్మ లేచి తొట్టి ముందు స్టూలు మీద, ఆయన కూర్చునే చోట, కూర్చుంది. ఆమె అక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. పెద్ద చేప అడుగున రాయి పక్కన ఆగి గబగబా మొప్పలాడిస్తోంది. చిన్నది దాన్ని ఆనుకునే ఉంది. “ఏమే” అంది సామ్రాజ్యమ్మ మెల్లగా. తిట్టడానికి నోరు రాలేదు. “చావబాకే తల్లీ. నిన్ను శానా మాటలన్నా. అవన్నీ దిష్టి తగలకుండా అన్నాగానీ నిజంగా అన్లేదు. నువ్వు పొయ్యినావంటే ఆ మనిషికి ఇంటికి రావాలన్న తొందరుండదు. ప్రభువా, ఈ నోరులేని జీవాల్ని బతికించు. ఆయన్ని తిన్నగా ఇంటికి తీసుకురా.” ఈ మాటే మార్చి మార్చి అంటూ కూర్చుంది. వీధిలో ఏ బండి చప్పుడైనా తలెత్తి చూసింది. ఒకటి పాలవాడిది, ఇంకోటి ఎదురింటివాళ్లది.

వీధిలైట్లు వెలిగాక ఆ బండి వచ్చింది. చప్పుడు ఆమెకు తెలుసు. లేచి గుమ్మంలోకి వెళ్లింది. కాళ్లు వాటంతటవే పాత చోటికి వెళ్లి నిలబడ్డాయి. సమాధానం బండి స్టాండు వేసి మెట్టెక్కి వచ్చాడు. ఆమె ఒక అడుగు ముందుకు వేసి, మొహం అతని మొహం దగ్గరికి తీసుకుపోయి, ఊపిరి పీల్చింది.

ఉప్పు వాసన. ఒట్టి సముద్రపు ఉప్పు. చొక్కా, లుంగీ తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. అతని వెనక బండి మీద తాళ్లతో కట్టిన నీలంరంగు డబ్బాలు కనపడ్డాయి, మూతల్లోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

సమాధానం ఆమెను చూశాడు. “వాసన చూసినావు గదా?”

ఆమె అబద్ధం చెప్పలేదు. “చూసినా.”

“చూసుకోవాల్సిందేలే. చెప్పకుండా పొయ్యింది నేను. నోట్లో మాట రాలా. చీకటైతే నరేంద్రబాబు గేటేసుకోని పోతాడని అదొక్కటే బుర్రలో ఉండాది.” తాళ్లు విప్పుతూ ఆగాడు. “సెంటర్లో ఆ షాపు ముందర్నుంచే పొయ్యినా సామ్రాజ్యం. దాటి పంటకాలవ కాడికి పొయ్యినాక గానీ నాకే తెలీలా, దాన్ని దాటి వచ్చేసినానని.”

సామ్రాజ్యమ్మ తలుపు రెక్క పట్టుకుని, “దేవా, నీకు స్తోత్రం, నీకు స్తోత్రం” అంది. అనేసి, కన్నీళ్లు తుడుచుకుని, అతని తడి చొక్కా మీద చరిచింది. “ఆ మాటొకటి చెప్పి చావొచ్చు గదయ్యా! నా ప్రాణాలు తోడేసినావు గదా!”

“నువ్వు చరిస్తే డబ్బా పడిపోద్ది మే. ముందు పట్టు.”

ఇద్దరూ కలిసి డబ్బాలు లోపలికి మోశారు. గోడ పక్కన నిలబడి చూస్తున్న వెంకటశేషమ్మ, “తమ్ముడా, నన్ను క్షమించయ్యా, ఆ పాపిష్టి గంగాళం ఇంక నాకొద్దు” అంది. సమాధానం డబ్బా కింద పెట్టి ఆమె దగ్గరికి వెళ్లాడు. “అక్కా, నీ ఇంట్లో ఉండే గొప్ప సామాను మాకోసం తెచ్చి పెట్టినావు. అది ఉప్పునీళ్లతో పడదని నేను మీకు చెప్పిందెప్పుడు? ఆ గంగాళాన్ని ఏమీ అనబాక” అన్నాడు. ఆమె మళ్లీ ఏడ్చింది గానీ ఈసారి ఏడుపు వేరు. తొట్టి నిండింది. మోటారు తిరిగింది. ఆ చప్పుడు వింటూ సామ్రాజ్యమ్మ అన్నం వండింది.

ఇక్కడితో అంతా బాగైపోయిందంటే మీరూ నమ్మరు. రొయ్య దక్కలేదు. దాన్ని కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టారు. చేపలు తిండి ముట్టలేదు, తరవాత పెద్దది ఒక మెతుకు అందుకుంది, దాన్ని చూసి చిన్నది. పగడం మాత్రం తెరుచుకోలేదు. ఒంటి మీద మైనం పూసినట్టు ఒక పొర కట్టి, రాయి మీద ముద్దలా పడి ఉంది. సమాధానం రోజూ కొన్ని నీళ్లు తీసి కొన్ని మారుస్తున్నాడు. డ్యూటీకి పోతాడు, తిన్నగా వస్తాడు, స్టూలు మీద కూర్చుంటాడు. సామ్రాజ్యమ్మ పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ తానూ చూస్తుంది. “ఉందంటావా, పొయ్యిందంటావా?” అని అడిగితే, “ఉంటే చెప్తాదిలే” అంటాడు. చర్చిలో స్త్రీల కూడికలో ఆమె లేచి, “మా ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగలేదు, ప్రార్థన చెయ్యండి” అని అడిగింది. ఎవరికని అడిగితే చెప్పలేదు.

ఒక పొద్దున సమాధానం డ్యూటీకి పోయాక ఆమె లైటు వేసి వంటింట్లోకి వెళ్లబోతూ ఆగింది. పగడం మీది పొర ఒక పక్క లేచి నీటి వాలుకు ఊగుతోంది. చూస్తుండగానే ఊడి, పలచటి తోలులా తేలిపోయింది. దాని కింద నుంచి ముందు ఒక అంచున సన్నటి వేళ్లు పొడుచుకొచ్చాయి, తరవాత ఇంకా కొన్ని, అన్నం పొంగొచ్చేపాటికి పళ్లెం పళ్లెమంతా విచ్చుకుంది. ఇప్పుడు అద్దాలు అడ్డం లేవు. ఎటు చాచినా చోటుంది. పెద్ద చేప చుట్టూ ఒకసారి తిరిగి, తన ఇల్లేనని తేల్చుకుని, ఆ వేళ్లలోకి దూరింది. చిన్నది వెనకే దూరింది.

సామ్రాజ్యమ్మ తొట్టి ముందు మోకాళ్లూనింది. మొదట దేవుడికే చెప్పుకుంది. ఆ తరవాత కళ్లు తెరిచి, దిష్టి సంగతి తెలిసే, గట్టిగా చెప్పింది. “నా మొగుణ్ణి నాకు తెచ్చిచ్చినావు. నా కూడు నాకు ఒంటబట్టేటట్టు చేసినావు. ఇన్నేళ్లూ నీకీ మాట చెప్పలేదు. నీకు దండమే తల్లీ.” అని అద్దం మీద అరచెయ్యి పెట్టింది. అద్దం వెచ్చగా ఉంది.

తరవాత గంగాళం సంగతి. ఒకరి సామాను ఉత్తగా తిప్పి పంపడం ఎవరింటా లేదు. సామ్రాజ్యమ్మ సందులోంచి తిరిగి చేపలు తెచ్చుకుని, పెరట్లో తోమి, మామిడికాయ వేసి పులుసు పెట్టి, స్టీలు గిన్నెకు ఎత్తి, ఆ గిన్నెను గంగాళంలో కూర్చోబెట్టి పక్కింటికి మోసుకుపోయింది. పగడం విచ్చుకుందన్న మాట వినీ వినకముందే వెంకటశేషమ్మ, “ఏమయ్యా, జొన్నవాడ పోవాలి, చొక్కా వేసుకో” అని లోపలికి కేకేసింది. మొక్కు మొక్కే. సాయంత్రానికి నున్నటి గుండు మీద గంధం పూసుకుని బస్సు దిగి, ఎవరడిగినా దాచకుండా, “చేపలు బతికినాయి, అందుకు” అని చెబుతూ వీధంతా నడిచి వచ్చింది.

సమాధానం ఆమె వెనకే సెంటర్లో బస్సు దిగాడు. గుండు ఆమెదేనని అతనికి వెనక నుంచి తెలియలేదు. తల వంచుకుని ఆలోచించుకుంటూ వీధి మలుపు తిరిగి, అలవాటుగా తన ఇంటి వైపు తలెత్తి చూశాడు. సామ్రాజ్యమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కేకేసి చెప్పొచ్చు, చెప్పలేదు. రెండు చేతులూ కలిపి గుండెల దగ్గర గట్టిగా పట్టుకుంది.

అతను వీధి మధ్యలో ఆగిపోయాడు. టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని, తానూ రెండు చేతులూ కలిపి గుండెల దగ్గర పట్టుకున్నాడు. ఆ తరవాత చిన్నపిల్లవాడిలా ఉరుకుతూ వచ్చాడు. గుమ్మంలో సామ్రాజ్యమ్మ అతని దగ్గరికి జరగలేదు, వాసన చూడలేదు, దారి వదిలి పక్కకు నిలబడింది.

“కాళ్లు కడుక్కోని పోవయ్యా” అంది కళ్లు తుడుచుకుంటూ. “నా చెల్లెలు పొద్దున్నించీ నీకోసం కాసుకోనుంది.”